మా అల్లుడు మాల వేసుకున్న ఏడాది

మా ఇంట్లో ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే నేను ముందు అడిగేది, రాత్రి ఏం తిన్నావని. అజీర్తి చేస్తే పీడకలలొస్తాయి, పని లేకపోతే భయాలొస్తాయి. రెండింటికీ మందు నా దగ్గరుంది. నేను చదివింది మూడో తరగతి. అయినా చీకట్లో ఇల్లంతా తిరిగొస్తాను గాని దీపం వెయ్యను. ఎందుకు దండగ అని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, ఇన్నేళ్లయినా దీనికి నాకు జవాబు దొరక్కే.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక భిలాయి వచ్చాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఇది తొంభైల్లో సంగతి. అప్పటికి మేము భిలాయిలోనే, రిసాలిలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. మాకు ఒక్కతే కూతురు, సుగుణ. దాన్ని మా వైపువాడే, ప్లాంటులో క్రేను నడిపే గౌరినాయుడికి ఇచ్చాం. వాళ్లకి ప్లాంటు టౌన్‌షిప్పు సెక్టార్లో క్వార్టరు. పింకీ అని చిన్నపిల్ల.

గౌరినాయుడు తాగడు. ఈ మాట ముందే చెప్పాలి. తాగేవాడైతే తప్పంతా సారా మీదికి తోసేసి ఊరుకుందుము. పేకాట లేదు, బీడీ కూడా లేదు. ఒళ్లు తెలిసే కొట్టేవాడు. ముందు పడకగదిలో గోడ బీరువా తలుపు మీద అరచేత్తో గట్టిగా చరిచేవాడు. తర్వాత ఒక దగ్గు. ఆ తర్వాత "ఏయ్, ఎక్కడ సచ్చావే" అని కేక. ఆ వరస ఎప్పుడూ మారేది కాదట. బీరువా తలుపు చప్పుడైతే చాలు, పింకీ వంటింట్లో గోధుమల డబ్బా వెనక్కి దూరేదట. ఆ ఏడు వానాకాలంలో సుగుణ కుడి మణికట్టు విరిచాడు. కట్టు కట్టిన చేత్తోనే పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. మొదట నాతో జారిపడ్డానని చెప్పింది.

కార్తీకంలో అతను అయ్యప్ప మాల వేసుకున్నాడని తెలిసింది. మా తెలుగువాళ్లంతా అదే మాట. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద చాప. ప్లాంటు గేటు దాకా చెప్పుల్లేకుండా నడిచి, లోపల పనికి మాత్రం బూట్లు తొడుక్కుంటున్నాడట. ఆడమనిషి ఎదురైతే "మాతా" అని పక్కకి తప్పుకుంటున్నాడట. మా ఆయన వెళ్లి చూసొచ్చి కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"మనిషి మారిపోయినాడే. కొండకెళ్లి వచ్చీగానే సుగుణని పంపించీద్దాం."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు."

"దేవుడంటే నమ్మకం నేదేటి నీకు?"

"దేవుడి మీద ఉంది. మీ అల్లుడి మీద నేదు."

నేనూ రోజూ దీపం పెట్టుకునేదాన్నే. కాని దండం పెట్టుకోవడం వేరు, బుద్ధి వేరు. ఏళ్ల తరబడి పూజలు చేసి తోడికోడళ్లని ఏడిపించినవాళ్లని చూశాను. ఏ గుడీ తొక్కకుండా పరాయి పిల్లలకి అన్నం పెట్టినవాళ్లనీ చూశాను. సుగుణేమో "నువ్వెలాగంటే అలాగేనమ్మా" అని ఊరుకుంది. దాంతో బరువంతా నా నెత్తినే పడింది. తప్పుగా పంపితే ఈసారి విరిగేది చెయ్యి కాకపోవచ్చు. పంపకపోతే, నిజంగా మారిన మనిషి ఇంటిని నేనే కూల్చినదాన్నవుతాను. నా కళ్లతో చూస్తేగాని తేల్చనన్నాను.

ఫస్టు షిఫ్టు దిగే వేళకి బయల్దేరాను. రిక్షా దండగని నడిచే వెళ్లాను. పట్టపగలు, మంచి ఎండ. అతను గుమ్మంలోనే నాకు కాళ్లకి నీళ్లిచ్చాడు. ముందుగదిలో దేవుడి పటాలు, గోడకి చుట్టి నిలబెట్టిన చాప. పడకగది తలుపు మూసి, బయట గడియ పెట్టి ఉంది. దీక్షలో మంచం ఎక్కరు కదా, అందుకే మూశాడనుకున్నాను.

గొంతు కూడా మారింది. మెల్లగా, అడిగినదానికే జవాబు. నాకు టీ పెట్టిచ్చి, నల్లబట్టలు ఉతుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. నేను వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. అక్కడి నుంచి కుళాయి దగ్గర కూర్చున్న అతను నాకు నిండుగా కనిపిస్తున్నాడు.

అప్పుడు పడకగదిలో బీరువా తలుపు మీద ఎవరో చరిచారు.

ఉలిక్కిపడి గ్లాసు కింద పెట్టాను. దగ్గు వినిపించింది. ఆ తర్వాత, "ఏయ్, ఎక్కడ సచ్చావే." అది గౌరినాయుడి గొంతు. పాత గొంతు. గౌరినాయుడేమో నా కళ్లెదుట బకెట్టు ముందున్నాడు. అతని చేతులు నీళ్లలో ఆగిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు.

రేడియో ఏమో అనుకున్నాను. ఆ ఇంట్లో రేడియో ఉన్నది ముందుగదిలో, అది ఆపేసి ఉంది. లేచి వెళ్లి గడియ తీశాను. గదిలో ఎవరూ లేరు. కిటికీ మూసి లోపల చిలుకు పెట్టి ఉంది. మేము పెళ్లికిచ్చిన టేకు మంచం, చుట్టిపెట్టిన పరుపు. నేల మీద ఎర్రటి దుమ్ము. భిలాయిలో రెండు రోజులు ఊడ్వకపోతే పేరుకునే దుమ్మే. దాని మీద నా పాదాలు తప్ప ఇంకెవరి అడుగులూ లేవు. వంగి మంచం కింద కూడా చూశాను. బీరువా తెరిస్తే సుగుణ పాత చీరలు రెండున్నాయి.

వెనక్కి తిరిగితే గౌరినాయుడు తలుపు బయట నిలబడి ఉన్నాడు. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. గడప మాత్రం తొక్కలేదు. దీక్షలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ మాతా అనే పిలవాలి. అతను ఆ మాట మరిచిపోయాడు.

"అత్తా, మీకూ ఇనబడిందేటి?"

"ఏటి బాబూ ఈ నాటకం? ఎవుడ్ని దాచినావు?"

"ఎవుడ్నీ దాచలేదత్తా. మాల ఏసుకొని ఇంటికొచ్చిన నాడు తలుపు తీసి సూస్తే, లోపల నానే ఉన్నాను. మంచం మీద కూకొని నన్నే సూస్తన్నాను. గడియెట్టీసినాను."

నేను మళ్లీ ఆ మంచం వైపు చూశాను.

"సుగుణని ఇక్కడికి పంపకండత్తా. మావయ్యగారికి సెప్పలేకపోనాను. నాకిప్పుడు ఎవుల మీదా కోపం రావట్లేదు. నిజం. గాని ఆడు ఎక్కడికీ ఎల్లిపోలేదు. మాల తీసిన నాడు ఆడి సంగతేటో నాకు తెల్దు."

నేను బయటికొచ్చి తలుపు మూశాను. గడియ పెట్టబోతే పడలేదు. అవతలి నుంచి ఎవరో భుజం ఆనించి నిలబడ్డట్టు తలుపు ఎదురు తన్నింది. చెక్క ఉబ్బిందనుకుందామంటే, అంతకు ముందు ఒంటి వేలితో తీసిన గడియ అది. నా బరువంతా వేస్తేగాని పడలేదు.

ఇంటికి బయల్దేరుతుంటే పక్క క్వార్టరు ఆవిడ వరండాలో వడియాలు ఎండబెడుతూ కనిపించింది. రాయ్‌పూర్ వైపు ఆవిడ, మేమంతా దీదీ అనేవాళ్లం. "బేటీ ఆ గయీ క్యా, మాతాజీ?" అని అడిగింది. అమ్మాయి రాలేదన్నాను. అయితే మీ అల్లుడు ఎవరి మీద అరుస్తున్నాడంది. అతను డ్యూటీలో ఉన్న వేళల్లో కూడా గోడ అవతల తలుపు చరుస్తున్న చప్పుడు వింటున్నానంది. నేను తనతో ఏమీ చెప్పకముందే అడిగిన మాట ఇది.

ఇంట్లో నేను చెప్పింది ఒక్కటే, సుగుణని ఆ ఇంటికి పంపేది లేదు. మా ఆయన నాతో మాట్లాడడం మానేశారు. ఊళ్లో వాళ్లు నా గుండె రాయన్నారు. అననీ.

అతను శబరిమల వెళ్లొచ్చాడు. దుర్గ్ స్టేషన్లో రైలు దిగి, క్వార్టరుకి వెళ్లకుండా, ప్రసాదం పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. మాల తియ్యలేదు. వేరే క్వార్టరు దొరికేదాకా తియ్యనన్నాడు. మాల వేసిన గురుస్వామి కోప్పడినా వినలేదట. గుడి వరండాలో పడుకుంటూ డ్యూటీకి వెళ్లాడు. చివరికి అంతకన్నా చిన్నది, ఒంటిగది క్వార్టరు దొరికింది. పెద్దది వదిలి చిన్నదానికి పోయే పిచ్చోడెవడని అందరూ నవ్వారు. ఆ పడకగదిలోది పూచికపుల్ల తెచ్చుకోలేదు. టేకు మంచం కూడా వదిలేశాడు. నేను సగం కాలిన బొగ్గు కడిగి ఆరబెట్టి మళ్లీ వాడే మనిషిని. అయినా ఆ మంచం తెమ్మని నా నోటితో అనలేదు.

కొత్త ఇంట్లో చేరాకే మాల తీయించుకున్నాడు. నేను వెంటనే సుగుణని పంపలేదు. ముందు నేనే వెళ్లి వేసవి దాకా ఆ ఇంట్లో మకాం వేశాను. కావాలని పప్పులో ఉప్పు ఎక్కువేశాను. డ్యూటీ బట్టలు ఉతక్కుండా వదిలేశాను. చచ్చిన మీ అమ్మ పెంపకం ఇదేనా అని కూడా అన్నాను. అతను మజ్జిగ పోసుకుని ఆ అన్నమే తిన్నాడు. ఒకసారి మాత్రం నవ్వి, "ఎందుకత్తా అంత ఉప్పు దండగ?" అన్నాడు. ఆ మాటకి నాకే సిగ్గేసింది. సుగుణని పంపాను.

ఆ తర్వాత ఇప్పటిదాకా అతను నా కూతురి మీద చెయ్యెత్తలేదు. పింకీ కూడా అతని ఒళ్లోనే పెరిగింది. ఇక్కడితో అయిపోతే నేనూ అందరిలాగే అయ్యప్ప మహిమ అనేసి ఊరుకుందును.

ఆ పాత క్వార్టరు ఒడిశా వాళ్లకి ఇచ్చారు. ఆ ఇంటాయన చీమకి కూడా దారిచ్చే మనిషని, పూజ చెయ్యకుండా పచ్చినీళ్లు ముట్టడని దీదీయే నాతో చెప్పింది. మంచి మంచం దొరికిందని వాళ్లు సంబరపడ్డారట. కొన్నాళ్లకి కూరల బజార్లో దీదీ నన్ను పక్కకి పిలిచి, దూరంగా వంకాయలు ఏరుకుంటున్న ఒకావిడని చూపించింది. ఆ క్వార్టర్లో ఉండేది ఆవిడే అంది. ఆవిడ కుడి మణికట్టుకి కట్టుంది.

దగ్గరికి వెళ్లి, ఏమైందని నాకొచ్చిన హిందీలో అడిగాను. జారిపడ్డానంది. పడకగదిలో గోడ బీరువా చప్పుడవుతుందా అని అడిగాను. ఆవిడ చేతిలో సంచి జారి వంకాయలు నేల మీద దొర్లాయి. ఇద్దరం కూర్చుని ఏరాం. ఆ గది ఖాళీ చెయ్యమ్మా, వీలైతే ఆ ఇల్లే ఖాళీ చెయ్యమని చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండా, "వో ఐసే నహీఁ థే, మాతాజీ" అంది. ఆయన అలాంటివాడు కాదట. ఈ ఇంటికి రాకముందు అసలు కాదట.

మా అల్లుడు ఇప్పటికీ ఏటా మాల వేసుకుంటాడు. ఆ వీధి గుండా మాత్రం వెళ్లడు, చుట్టు తిరిగి పోతాడు. దేవుడే అతన్ని మార్చాడంటారు అందరూ. నేను కాదనను. కాని ఇన్నేళ్లు ఇల్లు ఊడ్చినదాన్ని. ఊడ్చిన చెత్త మాయమైపోవడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం అవతల పోస్తే గుమ్మం అవతల ఉంటుంది.

ఆ ఒడిశా వాళ్లు తర్వాత ఎటు వెళ్లారో తెలియదు. ఇప్పుడు ఆ క్వార్టర్లో ఎవరుంటున్నారని అడుగుదామనుకుంటాను. ఇంతవరకు నోరు రాలేదు.