ముందు ఊరికి చెప్పాలి

ఇవాళ పొద్దున ఆఫీసులో పరీక్షల పెట్టె తెరవగానే స్పిరిట్ దూది వాసన గుప్పుమంది. రాజరత్నం మేడం గుర్తొచ్చారు. వెంటనే కోపమూ వచ్చింది. ఆమె మీద కాదు, ఆమెతో మా సంస్థ ప్రవర్తించిన తీరు మీద. ఆమె పోయినా ఆ కోపం నాలో చల్లారలేదు.

మైపాడు అవతల చేపలు పట్టుకునే ఒక పాలెంలో, తాగే నీళ్లలోని ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధం మీద మేం పరిశోధన చేస్తుండేవాళ్లం. మేడం దానికి పెద్ద. నేను ఆమె కింద కొత్తగా చేరినదాన్ని. రక్తం తీసుకునే ముందు ఆమె ఊరికి మాట ఇచ్చారు, తేలింది ఏదైనా మొదట మీకే చెప్తామని. ఆ మాట నమ్మబట్టే జనం రక్తం ఇవ్వడానికి చెయ్యి చాచారు.

పరీక్షలు ముగిశాక మా డైరెక్టరు ఊళ్లో ఒక్కరికీ చెప్పకుండా విలేకరులను పిలిచాడు. మర్నాడు పాలెం పేరుతో సహా 'జబ్బుల ఊరు' అని పేపర్లో పడింది. లోపం ఉన్నది బోరు నీళ్లలో. ఆ ఒక్క ముక్క రాయడానికి మాత్రం వాళ్లకు చోటు దొరకలేదు. చేపలమ్మడానికి నెల్లూరు వెళ్లిన ఆడవాళ్లు నిండు గంపలతోనే తిరిగొచ్చారు. దాంతో ఊరి పెద్దలు కూర్చుని దురాయి వేశారు. మా జీపు ఊళ్లోకి రాకూడదు, మాకెవరూ రక్తం ఇవ్వకూడదు. అక్కడ దురాయి అంటే ఊరంతా కట్టుబడే ఆన. "మూఢనమ్మకాలు, చదువులేని జనం" అన్నాడు డైరెక్టరు ఏసీ గదిలో కూర్చుని. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది. మోసపోయినవాళ్లు తలుపు వేసుకుంటే అది మూఢత్వం ఎలా అవుతుంది?

మేడం నన్ను వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లారు. పొలిమేర దాటకుండా ఎండలో నిలబడి పెద్దలకు కబురు పంపారు. ఊరి పెద్ద పోలయ్య వచ్చాడు, వెనకే ఆడవాళ్లూ వచ్చారు.

"మా రగతం తీసుకున్నారు, మా పేరు చెడగొట్టినారు. ఇంకేం మిగిలిందని వచ్చినారమ్మా?" అన్నాడాయన.

"మాట తప్పినాం పోలయ్యన్నా. ఇచ్చింది నేను గాబట్టి తప్పింది నేనే. మీ సంగతి మీకు చెప్పి పోదామని వచ్చినా. వద్దంటే ఇట్నే పోతా."

"అదంతా సరే, నా చేపలు ఎవురు కొంటారో చెప్పక్కా" అంది ఒకామె.

సంస్థ అనుమతి లేకుండానే మేడం ఏ బోరు నీళ్లు తాగకూడదో అందరికీ చెప్పారు. ఎవరి ఫలితం వాళ్లకు పక్కకు పిలిచి చెప్పారు. మర్నాడు నెల్లూరు మార్కెట్టులో ఆ గంపల పక్కనే నిలబడ్డారు. "దోషం బోరు నీళ్లలో. ఇవి సముద్రం చేపలు. ఆ నీళ్ల పరీక్ష చేయించింది నేనే" అని అడిగిన ప్రతివాళ్లకూ చెప్పారు. సాయంత్రానికి గంపలు సగమే ఖాళీ అయ్యాయి. దురాయి ఎత్తలేదు, ఎత్తమని ఆమె అడగనూ లేదు.

క్రమశిక్షణ తప్పారంటూ ఆమెను పరిశోధన నుంచి తీసేశారు. డైరెక్టరుకు శాలువా కప్పారు.

ఇప్పుడు చిట్టమూరు వైపు ఒక ఊళ్లో చేసిన పరీక్షలకు నేనే బాధ్యురాలిని. మధ్యాహ్నం పైనుంచి ఫోను వచ్చింది.

"రేపు ప్రెస్‌మీట్ పెడదాం. ఊళ్లో తర్వాత చూసుకోవచ్చు."

"ముందు ఊరికి చెప్పాలి సార్."

"రాజరత్నం గారి సంగతి మీకు తెలుసు కదా?"

తెలుసన్నాను. భయం వేసింది. ఫలితాలు సంచిలో పెట్టుకుని చిట్టమూరు బస్సెక్కాను.