రాజవ్వ బోరులో పడ్డ టిప్పు

1990 ఎండాకాలం. కోరుట్లలో ఒక బోరుబండి మీద డ్రిల్లర్‌గా పనిచేస్తున్నాను. బండను కొట్టే పనిముట్టును బిట్ అంటాం. దాని మొహం మీద కార్బైడ్ టిప్పులుంటాయి. వాటికి కావాల్సిన టంగ్‌స్టన్ ఖనిజం బయటి దేశాల నుంచే రావాలి. మా వైపు ఎక్కడ పలుగు వేసినా బండే, దాన్ని కొరికే గోరంత ముక్క కోసం మాత్రం ఓడ వైపు చూడాలి. ఆ ఏడు సరుకు లేదని హైదరాబాద్ దుకాణాలు చేతులెత్తేశాయి.

మేడిపల్లి దగ్గర రాజవ్వకు రెండెకరాల చెలక ఉండేది. ఒక్కగానొక్క కొడుకు మల్లేశం నక్సలైట్లలో, మా వైపు మాటలో అన్నల్లో, కలిసి అప్పటికి రెండేళ్లు. పోకముందు, మండుటెండల్లో కూడా గరిక పచ్చగా ఉండే చోటు చూసి మేకు కొట్టి పోయాడట. ఆమె నన్ను నేరుగా అక్కడికే తీసుకెళ్లింది.

"గీడనే ఎయ్యి కొడుకా. మా మల్లేశం చూపెట్టిన జాగ. నీళ్లు పడ్డయని ఎరుకైతే ఒక్కపారన్న చూసిపోనీకి వస్తడు."

నీళ్ల కంటే ఆమెకు ఆ రాకే కావాలి.

మా దగ్గర కొత్త బిట్ లేదు. అరిగిన బిట్ల నుంచి పాత టిప్పులు ఊడదీసి, ఇత్తడితో అతికించింది ఒకటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆగమంటుందేమో, బండి ఊరికే నిలబడుతుందేమోనని నోరు మూసుకున్నాను.

నూటనలభై అడుగుల దగ్గర చప్పుడు మారింది. పైకి లాగి చూస్తే ఒక టిప్పు లేదు. అయస్కాంతం దింపినా రాలేదు. కార్బైడ్ ముక్క అడుగున పడితే, పైనుంచి ఏ బిట్ దింపినా ఆ బిట్టే విరుగుతుంది. కొత్త బిట్ వచ్చినా ఆ బోరు ఇక పనికిరాదు.

"ఎందుకాపినవ్ కొడుకా?"

అతికించిన బిట్ సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పాను.

"గా ముక్క మన దిక్కు దొరకదా?"

"దొరకదవ్వా. బయటి దేశం నుంచి రావాలె."

"ముందుగాల చెప్తే ఆగుతుంటి గద. రెండేండ్ల సంది ఎదురుచూస్తున్న, ఇంకో రెండు నెలలు చూడకపోతుంటినా?"

తిట్టినా బాగుండేది. ఆ మాటకు తలెత్తలేకపోయాను.

నెలన్నరకు కొత్త బిట్ వచ్చింది. పాత బోరుకు ఆరడుగుల అవతల వేశాం, నీళ్లు పడ్డాయి. చుట్టూ చేరినవాళ్లు సంబరంగా తడిశారు. రాజవ్వ మాత్రం పాత బోరు దగ్గరే నిలబడింది.

"మల్లేశం వస్తే అడుగుతడు, నేను చూపెట్టిన కాడ ఎందుకెయ్యలేదని. నువ్వే చెప్పాలె కొడుకా. నాతోని కాదు."

"చెప్తనవ్వా" అన్నాను.

తర్వాత చాలా ఏళ్లు బోర్లు వేశాను. అతికించిన బిట్ దింపాల్సి వస్తే ముందే రైతు చేతిలో పెట్టి చూపించేవాణ్ణి. వేయించుకోవాలో ఆగాలో అతని ఇష్టం. ఇది రాజవ్వ దగ్గర నేర్చుకున్నదే. మేడిపల్లి దారిలో పోయినప్పుడల్లా ఆమె ఇంటికి వెళ్లేవాణ్ణి.

"మల్లేశం వచ్చిండా అవ్వా?"

"ఇంకా రాలే కొడుకా."

ఆమె పోయి కూడా చాలాకాలమైంది. మల్లేశానికి చెప్పాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉంది. ఒక్కసారి వస్తే బాగుండు. ఎంత తిట్టినా పడతాను.