అక్క బుట్ట

ఇన్నాళ్ళూ నేనేమీ రాయలేదంటే నాకు అక్షరాలు రాకపోవడమే కారణం. కొల్లేటి గట్టు మీది మా ఇంట్లో ఆడపిల్లలకు పలక కొనలేదు. వల బాగుచేయడం, చేపలు ఏరడం నేర్పారు. మనవలు పుట్టాక, మా మహిళా సంఘంలో వేలిముద్ర వేసే వాళ్ళకు సాయంత్రాలు చదువు చెబుతామంటే వెళ్ళి కూర్చున్నాను.

మా అక్కను తాడేపల్లిగూడెం ఇచ్చారు. ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరే పనికి వెళ్ళేది. ఆమెకూ చదువు రాదు. మా ఇద్దరి మధ్యా ఒక తాటాకు బుట్ట తిరిగేది. మా గట్టు మీద నుంచి పొద్దున్నే ఒక బస్సు గణపవరం మీదుగా గూడెం వెళ్ళేది. కొర్రమీనును తామరాకులో చుట్టి, బుట్టలో పెట్టి డ్రైవరుగారికి ఇచ్చేదాన్ని. "చేప మీ అక్కగారికి, వాసన మాకాండీ?" అంటూనే ఆయన బుట్టను సీటు వెనక సర్దుకునేవారు. బస్టాండులో అక్క అందుకునేది. పది రోజులకు అదే బస్సులో బుట్ట తిరిగొచ్చేది. అడుగున ఉల్లిపాయలు, పైన ఒక పసుపు కొమ్ము. ఖాళీ బుట్ట పంపకూడదని మా ఇద్దరికీ పట్టింపు. బావ పోయాక పసుపు కొమ్ము రావడం ఆగిపోయింది. ఉల్లిపాయలు మాత్రం వచ్చేవి.

చేపల చెరువులకు వచ్చే లారీలు తిరిగి తిరిగి గట్టు పాడైపోయింది. బస్సు ఆపేశారు. అప్పటికి బుట్ట నా దగ్గరుంది. పంపాల్సిన వంతు నాది.

ఒకసారి నేనే బయలుదేరాను. గణపవరం దాకా ఆటోలో వెళ్ళి అక్కడ బస్సు మారాలి. బోర్డు చదవలేను, ఎవరినైనా అడగాలంటే సిగ్గు. గూడెం బస్సు ఎప్పుడూ టీ కొట్టు ముందే ఆగేది కాబట్టి అక్కడున్న బస్సు ఎక్కాను. కండక్టరు "ఎక్కడికమ్మా?" అన్నాడు. అలవాటు కొద్దీ "చివరిదాకా అండీ" అన్నాను. మా పాత బస్సుకు చివర గూడెమే. దిగి చూస్తే ఏలూరు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఎండకు చేప పాడైపోయింది. కాలవలో పారేశాను.

"బస్సెక్కడం వచ్చేసింది కదే. ఈసారి ఎక్కితే బెజవాడ చూసొద్దువుగాని" అన్నాడు మా ఆయన. వీధిలో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. బుట్టను మేకుకు తగిలించేశాను. మళ్ళీ బయలుదేరలేదు. అలా మూడేళ్ళు గడిచాయి. సంఘంలో చదువు మొదలైంది ఆ మధ్యలోనే.

ఫోను లేదా అంటారేమో. ఉంది. అక్కకు చెవులు వినపడడం మానేశాయి. అవతల ఆమె "ఎవరూ? ఎవరూ?" అంటూ ఉంటే ఇవతల నేను ఏడ్చుకుని పెట్టేసేదాన్ని.

మొన్న పక్కింటి వదిన గూడెంలో పెళ్ళికెళ్ళి, అక్కను చూసి వచ్చింది.

"నన్ను చూడగానే మీ అక్క నా చేతులకేసి చూసిందొదినా. బుట్టేదీ అంది."

"గట్టు మీద బస్సు లేదని చెప్పలేకపోయావా?"

"చెవిలో అరిచాను. వినపడితేగా. మా చెల్లికి నేను బరువైపోయానా అంటుంది."

వదిన వెళ్ళిపోయింది. నేను బుట్ట దించి దుమ్ము దులిపాను. అల్లిక ఒకచోట ఊడితే అక్క ఎప్పుడో పాత చీర అంచుతో కుట్టింది. అక్కడ వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ సంగతి కాగితం మీద రాసి పంపుదామంటే, ఆమె చదవలేదు. నేను వెళ్ళి కనపడాలి, అంతే.

మర్నాడు పొద్దున్నే మా ఆయన చేత కొర్రమీను తెప్పించి, తామరాకులో చుట్టాను. ఆటోలో గణపవరం వెళ్ళాను. టీ కొట్టు ముందు ఒక బస్సు ఉంది. ఎదురుగా నిలబడి బోర్డు మొదలుపెట్టాను. తా. డే. ప.

"ఎక్కండి మామ్మగారూ, గూడెమే" అన్నాడు కండక్టరు.

"మీరు చెప్పకండి బాబూ, చదవనివ్వండి."

"చదివేలోపు గూడెం వెళ్ళి తిరిగొచ్చేస్తామండీ."

లోపలి వాళ్ళు నవ్వారు. డ్రైవరు మాత్రం బస్సు కదిలించలేదు. చివరి సున్నా దాకా చదివాకే ఎక్కాను. బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు దగ్గరికొచ్చి, నవ్వు ఆపుకుంటూ "ఎక్కడికండీ?" అన్నాడు.

ఊరి పేరు పూర్తిగా చెప్పాను.