చింతగింజ నలుపు

మా విగ్గుల కార్ఖానాలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గీటురాయే. పదిహేనేళ్ళుగా కిటికీ పక్క బల్ల ఆవిడది, ఎదురు బల్ల నాది. ఎక్కడెక్కడి దేశాల నుంచో మాకు జుట్టు కట్టలుగా వస్తుంది. లోకంలో ఎక్కువమంది తల నలుపే కాబట్టి వచ్చేదీ నలుపే. నలుపంటే అంతా ఒకటే కదా అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకే విగ్గులో రెండు రకాల నలుపు కలిసిందంటే, ఎండలోకి వెళ్ళగానే ఆ తల అతుకులేసినట్టు కనిపిస్తుంది. అందుకే గీటురాయి ప్రతి కట్టనూ వెలుతురులో తిప్పి చూసి, ‘కాకిరెక్క’ అనో ‘చింతగింజ’ అనో ఒక్క మాట చెప్పి పక్కన పెడుతుంది. కాకిరెక్కలో నీలం తొంగిచూస్తుంది, చింతగింజలో ఎరుపు. రంగేసిన జుట్టయితే చూడను కూడా చూడదు, వేళ్ళతో తడిమి విసిరికొడుతుంది. మేనేజరు ఒకసారి ఆవిడతో వాదనకి దిగి, చివరికి నాలిక్కరుచుకుని వెళ్ళాడు. మళ్ళీ ఆ బల్ల ఛాయలకి రాలేదు.

మాట మాత్రం కటువు. "నీ కళ్ళకి పొరలు కమ్మాయా?" అని రోజుకి రెండుసార్లయినా నన్ను కసురుతుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లినీ, తనకన్నా పన్నెండేళ్ళు చిన్నదైన చెల్లెల్నీ ఆవిడే నెట్టుకొచ్చింది. చెల్లెలంటే ప్రాణం. పొద్దున్నే దానికి జడ వేస్తేగాని పనికి వచ్చేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ దానికి జడేమిటని నేను ఏడిపిస్తే, "వేస్తాను, నీకేం నొప్పి?" అనేది.

ఆ చెల్లెలు ఒకరోజు మందుల దుకాణంలో పనికి వెళ్ళి ఇంటికి తిరిగి రాలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. గీటురాయి ఎక్కని మెట్టు లేదు, అడగని మనిషి లేడు. పదో రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. లారీ గుద్దిన అమ్మాయి ఒకతి పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉందట. వయసు పాతికకీ ముప్ఫైకీ మధ్య. ఎవరో ఏమిటో తెలియదు. ఇద్దరం ఉన్నపళంగా పరిగెత్తాం.

మంచం మీది పిల్లకి ముఖమంతా కట్లు, ఒళ్ళంతా వాపు. ఆపరేషన్ కోసం గుండు చేశారు. పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన కూతురు కూడా కనిపించడం లేదట. తన బిడ్డో కాదో తేల్చుకోలేక, కూతురి దువ్వెన వెంట తెచ్చుకున్నాడు. దాని పళ్ళలో నాలుగైదు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నర్సు, ఆ పిల్ల తల నుంచి తీసిన జుట్టున్న కవరు తెచ్చి చూపించింది.

"సాయంత్రం రెండో ఆపరేషన్. మావాళ్ళేనని ఎవరో ఒకరు సంతకం పెట్టండి, త్వరగా తేల్చండి" అంది.

"నాకు రెండూ నల్లగానే ఉన్నాయమ్మా" అన్నాడు పెద్దాయన, దువ్వెన ముందుకు చాపి.

"ఈవిడ పనే జుట్టు చూడటమండీ" అని నేనే నోరు జారాను.

గీటురాయి కవరునీ దువ్వెననీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండింటినీ పక్కపక్కన పెట్టింది. ఒక్క చూపుతో తేల్చే మనిషి ఎంతసేపటికీ కదల్లేదు. నేను ఆవిడ భుజం మీంచి తొంగిచూశాను. రెండూ కాకిరెక్కే. చెల్లెలిది అచ్చమైన చింతగింజ. ఎన్నిసార్లు చూడలేదు నేను!

"మీ అమ్మాయి కాదండీ" అంది పెద్దాయనతో. "ఇది మా చెల్లెలు."

నేను నోరు మెదపలేదు. తొమ్మిది రోజుల తర్వాత ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. దాన్ని నా చేతులతో నేను తీసెయ్యలేకపోయాను. పెద్దాయన దువ్వెన జేబులో పెట్టుకుని, "పోన్లే తల్లీ, నీకైనా దొరికింది" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గీటురాయి వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, దొరికింది. దాని బట్టలు తీసుకుని వచ్చెయ్."

తర్వాత మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. నర్సు కాగితం తెచ్చి పెన్ను అందించింది. రోగికి ఏమవుతారో రాయాల్సిన చోట పెన్ను ఆగిపోయింది.

"నువ్వూ చూశావు కదూ?" అంది, నా వైపు తిరగకుండా.

"చూశాను."

"మరి చెప్పవేం? నోరు పడిపోయిందా?" అని నా మీద అరిచి, పెన్ను అక్కడే పడేసి పరిగెత్తింది.

గేటు దగ్గర పెద్దాయన్ని పట్టుకుంది. "అయ్యా, అబద్ధం చెప్పాను. మీ అమ్మాయే. తిట్టండి, కొట్టండి, ముందొచ్చి సంతకం పెట్టండి" అంది. ఆయన తిట్టనూ లేదు, కొట్టనూ లేదు. ఆవిడ చెయ్యే ఆసరాగా పట్టుకుని పైకొచ్చాడు. సంతకం పెట్టాడు. పిల్లని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు.

మేం వరండాలో నిలబడి ఉండగానే గీటురాయి తల్లి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఇంటి గుమ్మం దాటని మనిషి, గబగబా మెట్లెక్కుతోంది. చంకలో బట్టల సంచి. ముఖం వెలిగిపోతోంది.

"ఏదే? ఏ గదిలో ఉందే?"

గీటురాయి ముఖం గోడవైపు తిప్పుకుంది. ఒకసారి నోరు మూసుకుని నేను చేసిన నిర్వాకం చాలనిపించింది. ముందుకెళ్ళి ఆ సంచి అందుకున్నాను.

"పిన్నీ, మన పిల్ల కాదు" అన్నాను. "ఇంకా వెతకాలి."