ఉత్తరం వదలని మంచం

దాచేపల్లిలో మేం అద్దెకున్నది ఒకటే గది. వెనక వంటకు చిన్న వసారా. గదిలో నవారు మంచం వేశాక మిగిలిన చోటులో ముగ్గురు పెద్దవాళ్లు కదలాలంటే ముందే మాట్లాడుకోవాలి. ఆ మంచం మీద ఐదు నెలల మా పాప. తలవైపు గోడకే వీధి తలుపు.

పాప రాత్రిళ్లు ఏడ్చేది. ఎందుకో తెలియక నాకు భయం. ఏడవని రాత్రి ఊపిరి ఆడుతోందా లేదా అని ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, దాన్ని లేపి, నేనే ఏడిపించేదాన్ని. గురజాల దగ్గర పల్లె నుంచి మనవరాల్ని చూడవచ్చిన మా అత్తగారు వచ్చిన రెండు రోజులకే కారణం తేల్చేశారు.

"ఉత్తరానికి తలపెట్టి పడుకోబెడితే బిడ్డకు నిద్రెట్టా పడుద్ది అమ్మాయ్?"

"ఉత్తరం కాదత్తయ్యా, తూర్పు. ఇంటివాళ్లు తూర్పు వాకిలని చెప్పే ఇచ్చారు."

"వాళ్లకేంది, అద్దెకిచ్చేటోళ్లు ఏ వాకిలినైనా తూర్పే అంటారు. తూర్పు వాకిలైతే పొద్దున ఎండ తిన్నగా లోపలికి రావద్దూ? గోడ వార నుంచి దొంగలాగా వస్తా ఉంది. ఇది ఉత్తరమే."

తల వసారావైపు మారుద్దామంటే అక్కడి కిరసనాయిలు స్టవ్వు పొగ నేరుగా మొహానికి కొడుతుంది. ఇది ఈ ఇంట్లో తేలకపోతే పాపను తమ ఊరు తీసుకుపోతానని అత్తగారు ప్రకటించారు. నన్నూ రమ్మన్నారు, తోడుగా. అంటే అక్కడ పాపకు నూనె రాసేదీ నీళ్లు పోసేదీ ఆవిడేనని, నేను పక్కన నిలబడి తువ్వాలు అందించాల్సి వస్తుందని నాకు అర్థమైపోయింది. నా పాపను నా చేతులతో, నా భయాలతో నేనే పెంచుకోవాలి. ఆ గదిలో నాకున్న పంతమల్లా అదే.

మా ఆయనది సున్నపురాయి క్వారీలో సర్వే పని. ఆదివారానికి ఆఫీసులో అడిగి దిక్సూచి తెచ్చారు. ఇత్తడి డబ్బా, అద్దం మూత, లోపల సన్నటి మొన మీద ఊగే ముల్లు. అది వాడే తీరు వాళ్లమ్మకు గర్వంగా చెప్పారు. అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోవాలి. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఓపిక పట్టాలి. ఎర్రరంగు కొన ఉత్తరం చూపిస్తుంది. డబ్బాను మెల్లగా తిప్పి, అంకెల చక్రం మీద ఉత్తరం గుర్తును ఆ కొన కిందికి తెస్తే మిగతా దిక్కులన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. నడవాల్సిన దిక్కులో ఒక చెట్టునో గుట్టనో గురిపెట్టుకుని దాని దాకా నడిచి, అక్కడ మళ్లీ చూసుకోవాలి.

"ముల్లునే చూస్తా నడిస్తే క్వారీ గుంటలో పడతాం," అన్నారు.

"పడ్డావంట్రా?" అన్నారు వాళ్లమ్మ.

ఆయన చొక్కా అంచుతో అద్దం మూత తుడవడం మొదలుపెట్టారు.

నేను బీఎస్సీ ఫిజిక్సు. నా వంతుగా భూమే పెద్ద అయస్కాంతమని, ముల్లు చిన్న అయస్కాంతమని, ఆ పెద్దదాని లాగుడుకు ఇది లొంగి నిలబడుతుందని చెప్పాను. ఆ లాగుడు చాలా బలహీనం, అందుకే ముల్లు అంత తేలిగ్గా ఉంటుందని కూడా అన్నాను.

"ఆ ఉపన్యాసం చాల్లే. బిడ్డ పక్కన పెట్టి చూడు, తెలియాల్సింది బిడ్డకే గదా," అన్నారు అత్తగారు.

పాప దిండు పక్కనే పెట్టాం. ముల్లు ఊగింది, ఆగింది. ఎర్ర కొన పాప తలవైపుకి తిరిగి కూర్చుంది.

"చెప్పలా?"

పోనీ పొగైనా సరేనని పాపతో సహా మంచం ఎత్తి తల స్టవ్వువైపు తిప్పాం. ముల్లు మళ్లీ తలవైపే. ఐమూలగా వేశాం. తలవైపే.

మా ఆయనకు దిక్సూచి మీదే అనుమానం వచ్చింది. చెడగొట్టామంటే ఆఫీసులో ఏం చెప్పాలి? గడియారం తీసి అవతల పెట్టారు, బెల్టు విప్పారు, తాళాలు బయట పడేశారు. "నీ ఒంటి మీద పిన్నీసులు తియ్యి," అన్నారు నాతో. తీశాను. చీర ఒక చేత్తో పట్టుకుని మంచం రెండో చేత్తో తిప్పాను. ముల్లుకు ఏ మార్పూ లేదు.

అత్తగారు మంచం కోడు పట్టుకుని కూలబడ్డారు. "ఒరేయ్, బిడ్డ తల ఎటుంటే ఉత్తరం అటే వస్తా ఉందిరా! సాయంత్రం బస్సుకే పోదాం."

బట్టలు సర్దడానికి ఆవిడ లేచేసరికి నాకు కాలేజీలో చదివిన ఇనుప ఓడలు గుర్తొచ్చాయి. ఓడ తన ఇనుమును తనతోనే మోసుకు తిరుగుతుంది. అది దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుందని పక్కన ఇనుప గుండ్లు, అయస్కాంతాలు అమర్చి సరిచేస్తారు. మరి మా మంచం మోస్తున్న ఇనుమేది? దిండు కింద చెయ్యి పెట్టాను. అడకత్తెర!

పసిపిల్ల పక్కన ఇనుము ఉండాలని పురిటినాడు అత్తగారే పెట్టించారు. మా ఆయనకు ఈ సంగతే తెలియదు. ఏళ్ల తరబడి వక్కలు కొరికిన ఆ ఉక్కు తానే కాస్త అయస్కాంతమైపోయినట్టుంది. భూమి ఎక్కడో దూరాన్నుంచి లాగుతుంటే ఇది జానెడు దూరం నుంచి లాగుతోంది.

"అయితే తీసెయ్," అన్నారాయన.

"తీస్తే ఒప్పుకునేది లేదు!" అన్నారు అత్తగారు. విచిత్రమేమిటంటే ఆ మాట నా నోట్లో కూడా ఉంది. కాలేజీలో ఇలాంటి వాటిని చూసి నవ్విన నేను, పిల్ల తల్లినయ్యాక ఒక్క నిమిషం కూడా దాన్ని తియ్యనివ్వలేకపోయాను.

చివరికి నేనే దారి చెప్పాను. మంచం మొదటున్న చోటికే చేర్చాం. అత్తగారు పాపను, అడకత్తెరను ఒళ్లో పెట్టుకుని వీధి అరుగు చివర కూర్చున్నారు. ఖాళీ మంచం మీద ముల్లు ఈసారి నిజం చెప్పింది. తల ఉత్తరానికీ కాదు, తూర్పుకీ కాదు, సరిగ్గా మధ్యలో ఉంది. ఇల్లే వంకరగా కట్టారు.

"సగం నా మాటే నిజమయింది," అన్నారు అత్తగారు. "తూర్పుకి జరపండి."

జరిపాం. మంచం గదికి అడ్డం పడింది. వంటలోకి పోవాలంటే కోడు మీదుగా కాలు ఎత్తి దాటాలి. మా ఆయన దాటారు. నేను చీర ఎత్తిపట్టుకుని దాటాను. అత్తగారు కాఫీ గ్లాసుతో దాటబోయి మోకాలికి కోడు తగిలి "అమ్మా!" అని మంచం మీదే కూర్చుండిపోయారు. కాసేపు మోకాలు రుద్దుకున్నారు. పాపను చూశారు, వంటింటిని చూశారు.

"ఈశాన్యమంటే దేవుడి మూలే గదా," అన్నారు నెమ్మదిగా. "దేవుడివైపు తల పెట్టుకుంటే తప్పేంది? ఎప్పట్లాగే వెయ్యండి."

మర్నాడు పొద్దున అత్తగారొక్కరే గురజాల బస్సెక్కారు. గెలిచానని పాపను భుజాన వేసుకుని నిలబడ్డాను. బస్సు మలుపు తిరుగుతుండగా పాప గుక్కపట్టి ఏడ్చింది. అత్తగారు కిటికీలోంచి ఏదో అరిచారు, హారన్ మోతలో వినపడలేదు. ఏం చెయ్యమన్నారో? నేను పాపతో సహా బస్సు వెనక పరుగెత్తాను.