మిద్దెల వైపు తిరిగిన వేదిక

సాయంత్రం నాలుగుంబావుకు మా కార్యదర్శి మిద్దె దిగివచ్చి, వేదికను తిప్పాలన్నారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మా నంద్యాల కళాసమితి ఆళ్లగడ్డలో జరిపిన తొలి నాటకోత్సవం అది.

ఏ ఊళ్లో నాటకం వేయించినా ముందుగా చుట్టుపక్కల మిద్దెలెక్కి చూడటం ఆయన అలవాటు. ఆడవాళ్లు మగవాళ్ల మధ్యకు రాకుండా మిద్దెల మీద కూర్చునే నాటకం చూసేవారు. ఇక్కడ వాళ్లకు తెర వెనుక భాగం తప్ప మరేమీ కనబడదని ఆయన చెప్పారు.

పందిరి వేయించిన రైతుకు కోపం వచ్చింది. "ఏందప్పా, ముందు కుర్చీల్లో కూచునే మాకు యాక్టర్ల చెవులు సూపిస్తావా? తిప్పితే నా పందిరి పీకించుకొని పోతా."

కార్యదర్శి గొంతు పెంచలేదు. "పీకించుకోన్నా. ఎండ ఎట్లాగూ పోతాండాది. ఆడోళ్లకు మాత్రం మొగాలు కనపడాల."

ఉత్సవం ఆగిపోతుందని నాకు భయమేసింది. అంతలో ఎదురు మిద్దె మీది నుంచి ఆ రైతు తల్లి కేకేసింది.

"ఒరేయ్, పందిరి పీకినావంటే రాత్రికి సంగటి ఆ గుంజలనే పెట్టమని అడుక్కో!"

అందరూ నవ్వారు. రైతు కూడా నవ్వి, వేదిక బల్లలు జరపడానికి తానే ముందుగా చేయి వేశాడు.

ఆ రాత్రి పద్యానికి మొదటి 'వన్స్‌మోర్' మిద్దెల మీది నుంచి వచ్చింది, ఆడగొంతుతో. కుర్చీల్లోని పెద్దలు తలలెత్తి చూశారు.

కార్యదర్శి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఆడవాళ్లెవరూ మిద్దెల మీద కూర్చుని నాటకం చూడరు; ముందు కుర్చీల్లోనే కూర్చుంటారు.