ఆమె పంపిన పూలు

మాచర్ల బస్సు పిడుగురాళ్లలో ఆగినప్పుడు, అరవై దాటిన ఒకాయన ఎర్రటి పూల కొమ్మలు పట్టుకుని ఎక్కాడు. జరిగి నా పక్కన చోటిచ్చాను. దారప్పోగులు మెలితిప్పినట్టున్న ఆ పూలు నేనెప్పుడూ చూడలేదు. ఏం పూలని అడిగాను.

“ఆస్ట్రేలియా మొక్కంటమ్మా. చలికాలంలోనే పూస్తదని మా ఆవిడ నర్సరీ నుంచి తెచ్చి నాటింది. మూడేళ్లు నీళ్లు పోసినా ఒక్క పువ్వూ పుయ్యలా. ఇప్పుడు చెట్టు నిండా పూసింది.”

“ఆవిడ సంతోషించి ఉంటారు.”

“వానాకాలంలోనే పోయిందమ్మా.”

గురజాలలో మంచం పట్టిన అత్తగారికి ఆ సంగతి చెప్పలేదట. ఆమె గుండె తట్టుకోదని భయం. కూతురికి ఒంట్లో బాగాలేదనీ, మాట్లాడలేకపోతోందనీ చెబుతూ వస్తున్నాడు.

“మొక్క పూసిందా అని ఫోన్లో అడుగుతానే ఉంటది. నీ కూతురే కోసి పంపిందని చెబ్దామని తీసకపోతన్నా. మొగోడి చేతులు గదా, ఎట్టా బడితే అట్టా విరిచా. చూడంగానే కనిపెడతదేమో.”

కొమ్మలు నా ఒళ్లోకి తీసుకున్నాను. నలిగిన ఆకులు తుంచి, పూలన్నీ పైకి వచ్చేలా పేర్చి, నా జడకున్న రబ్బరు బ్యాండు తీసి కట్టి ఇచ్చాను. ఆయన చాలాసేపు వాటినే చూశాడు.

“అచ్చం ఆమె కట్టినట్టే ఉందమ్మా,” అన్నాడు.

గురజాలలో దిగి, పూలకు ఎండ తగలకుండా వాటి మీద కండువా కప్పి వెళ్లాడు.

ఆ ముసలమ్మ నమ్మిందో లేదో నాకు తెలియదు. తర్వాత అదే మొక్క వెతికి తెచ్చి మా పెరట్లో నాటాను. రెండు చలికాలాలు గడిచాయి. నీళ్లు పోస్తూనే ఉన్నాను.